నీళ్ళు నిండుకున్నాయి

రోజు 1

నీటి కేంద్రం వారికి, కొత్త రేపల్లె మూడో వరుస ఇరవై ఆరో ఇంటి నుంచి పున్నారావు రాస్తున్న సంగతులు. ఇష్టమై రాయడం లేదు. ఫిర్యాదు తీరేదాకా రోజూ ఉన్నది ఉన్నట్టు మీ మాటల్లో రాయండి, మా యంత్రం చదివి తగిన సర్దుబాటు చేస్తుంది అని వంటింట్లో మీరు బిగించిన గోడ పెట్టెలో మీరే చెప్పారు కాబట్టి రాస్తున్నాను. ఇదివరకు కేంద్రంలో బసవయ్య ఉండేవాడు. గొంతు వింటేనే ఎవరింట్లో ఏ వాషర్ అరిగిందో చెప్పేవాడు. ఇప్పుడు మనిషి లేడు, పెద్ద దిబ్బ పట్నం నుంచి తెచ్చిన యంత్రం ఉంది. సరే.

విషయం ఏమిటంటే వంటింటి కుళాయి సన్నగా వస్తోంది. ఈ ఎర్ర నేల మీద నీళ్ళు ఎలాగూ తీరిగ్గానే పడతాయి, భూమి మీద పుట్టినవాళ్ళకు మొదట్లో అది చోద్యంగా ఉంటుంది. నేను చెప్పేది దాన్ని గురించి కాదు. లీటరు చెంబు పట్టడానికి పదిహేడు సెకన్లు పట్టింది. పోయిన నెల ఎనిమిదే. స్నానాల గదిలో ధార బ్రహ్మాండంగా వస్తోంది కానీ అవి రెండో నీళ్ళు, ఒకసారి వాడినవాటిని వడకట్టి తిప్పి పంపేవి. నోట్లో పోసుకోవడానికి, పసిబిడ్డకు పోయడానికి పనికిరావు.

మామూలు రోజుల్లో అయితే మీ గుమ్మం తొక్కేవాణ్ణి కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు మంచు గని నుంచి ఊళ్ళోకి వచ్చే లైను మీద ఫిట్టరుగా చేసినవాణ్ణి. కానీ మా అమ్మాయి మంజీరకు తొమ్మిదో నెల. ఇంట్లో పురుడు పోసుకోవాలంటే వంటింటి కుళాయి పది సెకన్లలో లీటరు ఇవ్వాలని రూలు. పన్నెండో రోజున నర్సు రాహేలు గడియారం పట్టుకుని వస్తుంది. ధార చాలకపోతే మర్నాడే అమ్మాయిని బండెక్కించి పెద్ద దిబ్బ ఆసుపత్రికి పంపుతారు. మూడు రోజుల దారి, బండిలో ఒక్కరికే చోటు.

ఉన్నది ఉన్నట్టు: ఈ పొద్దున తొమ్మిదికల్లా వంటింటి బిందెలో నీళ్ళు నిండుకున్నాయి.

రోజు 2

గోడ పెట్టెలో మీ జవాబు చూశాను. ‘నివేదిక అందింది. తగిన సర్దుబాటు చేశాం. సంతోషం.’ సంతోషం దేనికో అర్థం కాలేదు. పొద్దున చెంబు పెడితే ఇరవై మూడు సెకన్లు.

ఇక మిమ్మల్ని నమ్ముకుంటే లాభం లేదని స్పానర్ తీశాను. కుళాయి మూతి విప్పితే లోపల జాలీ కనబడలేదు, ఎర్ర దుమ్మూ తెల్ల పాచీ కలిసి అట్ట కట్టి ఉంది. దాన్ని చింతపండు పులుసులో గంటసేపు నానబెట్టాను. మా ఆవిడ తిరుపతమ్మ చూసి గొంతెత్తింది. ఏడాదికి అరకిలో ఇచ్చే చింతపండును ఇనుప ముక్కకు తినిపించే మగాణ్ణి ఈ గ్రహం మీద నన్నే చూసిందట. పాత బ్రష్షుతో తోమి, కడిగి, బిగించి చెంబు పెట్టాను. పన్నెండు సెకన్లు. ఛాతీ రెండంగుళాలు పొంగింది. పన్నెండు పది కాదు కదా అని తిరుపతమ్మ అనేసరికి తగ్గింది.

ఈ హడావిడిలో మధ్యాహ్నానికి మళ్ళీ నీళ్ళు నిండుకున్నాయి. అన్నం ఆలస్యమైంది.

రోజు 3

పంతొమ్మిది. నిన్న పన్నెండు ఇచ్చిన కుళాయి ఇవాళ పంతొమ్మిది ఎందుకు ఇస్తుంది? జాలీ మళ్ళీ విప్పాను, అద్దంలా ఉంది. సింకు కింద దూరి వాల్వ్ చూశాను. ఎవరైనా తెలియక సగం తిప్పారేమో అనుకున్నాను, పూర్తిగా తెరిచే ఉంది. మూసి తెరిచి మూసి తెరిచాను. గొట్టం ఎక్కడా మడత పడలేదు. గొట్టాన్నే విప్పి బకెట్లో పెట్టి చూస్తే అక్కడా సన్నమే. అంటే తప్పు కుళాయిది కాదు, గోడ అవతలిది.

గోడలోని వాల్వ్ మీది. దానికి సీలు ఉంటుంది, ముట్టుకుంటే ఊరి నుంచి వెళ్ళగొడతారు. ముట్టుకోలేదు. పక్కింటి యోహాను వంటింట్లో అడిగి చెంబు పెట్టి చూశాను. అదే లైను, అదే గోడ, ఎనిమిది సెకన్లు. నాకేం పాలుపోవడం లేదు.

బిందెల్లో నీళ్ళు పదింటికే నిండుకున్నాయి.

రోజు 4

ఇరవై అయిదు. మీ జవాబు మళ్ళీ అదే, సర్దుబాటు చేశాం, సంతోషం. మంచివాళ్ళే. మీరు రోజూ పెంచుతున్నారు, నాకు రోజూ తగ్గుతోంది. మధ్యలో నీళ్ళు ఎటు పోతున్నాయి? ఎక్కడో కారుతున్నాయన్నమాట. ఇంత తేలిక సంగతి మూడు రోజులుగా తట్టనందుకు నా మీద నాకే చిరాకు వేసింది.

వంటింటి అలమరాలు విప్పేశాను. నేలంతా పొడి దుమ్ము జల్లి ఎక్కడ తడి తగిలి రంగు మారుతుందో అని చాప మీద పడుకుని చూస్తూ ఉన్నాను. తిరుపతమ్మ నా మీద నుంచి దాటి వెళ్ళి వంట చేసుకుంది. మా అమ్మాయి కుర్చీలో కూర్చుని, నాన్నా నువ్వు వెతుకుతున్నావా లేక నిద్రపోతున్నావా అని అడిగింది. నిజం చెప్పాలంటే రెండూ చేశాను. ఒక్క చుక్క తడి కనబడలేదు.

నీళ్ళు నిండుకున్నాయి. వేళ రాయను, మీరే ఊహించుకోండి.

రోజు 5

ముప్పై. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ ఇంట్లోనే ఉన్నాడనిపిస్తోంది కానీ ఎవరో తెలియడం లేదు.

మీకు అక్కర్లేని సంగతి ఒకటి రాస్తాను. నేను కుళాయి పిచ్చివాణ్ణని మీ యంత్రం అనుకోకూడదు. పోయిన ఏడు కూడా మా అమ్మాయి నిండు చూలాలే. అప్పుడు ఇంటి పురుళ్ళకు అనుమతే లేదు. రూలు ప్రకారం బండెక్కించాం. అల్లుడు ఇప్పటిలాగే గనిలో దిగి ఉన్నాడు, నేను లైను మీద ఉన్నాను, తిరుపతమ్మకు బండిలో చోటు లేదు. దారంతా రాళ్ళు, గుంటలు. నాలుగో రోజు గోడ పెట్టెలో కబురు వచ్చింది. రెండే మాటలు. మొదటి మాట ‘అంతా’. రెండో మాటను ఆ రోజు నుంచి మా ఇంట్లో దేనికీ ఎవరూ వాడలేదు. పాలకు వాడలేదు, పనికి వాడలేదు. నేనూ ఇక్కడ రాయను.

అందుకని ఈసారి అది ఇక్కడే కనాలి. నా వంటింటి పక్క గదిలో, వాళ్ళమ్మ చేయి పట్టుకుని. నాకు భయంగా ఉంది.

నీళ్ళు నిండుకున్నాయి.

రోజు 6

ముప్పై ఆరు. గోడ జాయింటు విప్పి తెల్ల టేపు చుట్టి మళ్ళీ బిగించాను. ఏమీ కాలేదు. యోహాను వచ్చి చూసి, మీరే ఫిట్టరు, మీకు నేనేం చెప్పాలి అన్నాడు. ఆ మాట కన్నా తిట్టినా బాగుండేది.

గోడ పెట్టె ముందు నిలబడి మనిషిని పంపండి అని అడిగాను. మనుషులు లేరంది. సీలు తీసి నన్నే చూసుకోనివ్వండి అన్నాను. నియమం ఒప్పుకోదంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. నీళ్ళు నిండుకున్నాయని మాత్రం రాసి పడుకుంటున్నాను.

రోజు 7

నలభై ఒకటి. ఇవాళ నీళ్ళ సంగతి రాయను. ఏడు రోజులుగా రాసి ఏం బావుకున్నాను? మీ యంత్రానికి చెవులు లేవు, ఉన్నా వాటిలో నా జాలీలో ఉన్నంత దుమ్ము ఉంది. మీరూ మీ సంతోషమూ చల్లగా ఉండండి.

రోజు 8

నలభై ఒకటి.

ఇది మరీ విచిత్రం. ఏడు రోజుల్లో మొదటిసారి తగ్గలేదు. నిన్న నేను ఏ పనీ చేయలేదు. స్పానర్ ముట్టలేదు, సింకు కింద దూరలేదు, మిమ్మల్ని తిట్టి పడుకున్నాను. తిడితే పనిచేసే యంత్రం ఉంటుందా? మళ్ళీ తిడదామా అనిపించింది కానీ అమ్మాయి ఎదురుగా బాగుండదని మర్యాదగా రాస్తున్నాను. అయ్యా, నీళ్ళు నిండుకున్నాయి, దయచేసి చూడండి.

రోజు 9

యాభై రెండు.

చెంబు కింద పెట్టి కూర్చున్నాను. లేవాలనిపించలేదు. ఇంకా మూడు రోజులే ఉంది. మంజీర వచ్చి ఈ రాతలన్నీ చూపించమంది. నువ్వు కంగారు పడకూడదమ్మా అంటే, నాకు కంగారు కాదు నాన్నా, లెక్కలు చెప్పేదాన్ని, అంకెలు చూస్తాను అంది. అది బళ్ళో పిల్లలకు లెక్కలు చెబుతుంది. గోడకు ఆనుకుని కూర్చుని, నేను రాసే పలకను పొట్ట మీద పెట్టుకుని మొదటి నుంచి చదివింది. రెండుసార్లు నవ్వింది, అయిదో రోజు దగ్గర చాలాసేపు ఆగింది. ఆ పుటను అది చదువుతుందని నేను అనుకోలేదు.

తర్వాత తల ఎత్తి అంది. “నాన్నా, నువ్వు నీళ్ళ మాట రాసిన మర్నాడల్లా తగ్గింది. ఏడో రోజు రాయలా, ఎనిమిదిన తగ్గలా. చెడింది కుళాయి కాదు, నీ రాత.”

నాకు ఒళ్ళు మండింది. ఉన్నది ఉన్నట్టే రాశాను కదా అన్నాను. ఏమని రాశావో పైకి చదువు అంది. చదివాను. నీళ్ళు నిండుకున్నాయి. మళ్ళీ చదవమంది. మళ్ళీ అదే చదివాను, తప్పేమీ కనబడలేదు. “మనూరి మాటలు రాని మనిషిలాగా చదువు,” అంది.

అప్పుడు వినబడింది.

నీటి కేంద్రం వారూ, మీ యంత్రానికి ఎవరూ చెప్పినట్టు లేదు కాబట్టి చెబుతున్నాను. బియ్యం డబ్బాలో గింజ మిగలకపోతే మేం బియ్యం నిండుకున్నాయంటాం. ఉప్పు, పసుపు, నూనె, దేనికైనా అంతే. సిరి గడప దాటి పోతోందని నోటితో చెప్పకూడదని మా అమ్మ నేర్పింది, ఆమెకు వాళ్ళమ్మ. ఇక్కడికి వచ్చాక అన్నిటి కన్నా సిరి నీళ్ళే కాబట్టి నీళ్ళకూ అదే మాట. నేను బిందె బోర్లించి చూపిస్తుంటే మీరు నిండు బిందె చూశారు. నిండుగా ఉన్న ఇంటికి ధార తగ్గించారు. సంతోషించారు.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ ఫిట్టరును చాప మీద పడుకోబెట్టింది మా అమ్మ నేర్పిన మర్యాద. జాలీ ఒక్కటే నిజంగా చెడింది, దాన్ని రెండో రోజే బాగుచేశాను. మిగతాదంతా నేనే నా చేత్తో కట్టేసుకున్నాను.

రోజు 10

యాభై రెండు. సంగతి తెలిసింది కాబట్టి చిటికెలో తీరుతుందనుకున్నాను. గోడ పెట్టె ముందు నిలబడి అర్థం చెప్పబోయాను. నా నివేదికలు ఏడింటిలో ఒకే మాట ఉందట. దాన్ని కొట్టేయాలంటే ఆ మాటకు సరైన అర్థం ఏమిటో ఇంటివారు ఒకరు తమ గొంతుతో స్పష్టంగా చెప్పాలట.

తక్కువగా ఉన్నాయి అన్నాను. తక్కువ అంటే ఉన్నాయి కదా అంది. నీళ్ళు కావాలి అన్నాను. అందరికీ కావాలి, అది నివేదిక కాదంది. లేవు, ఖాళీ అంటే, అసలు రాలేదా, వచ్చి ఏమయ్యాయి అని అడిగింది. బిందె అడుగంటింది అన్నాను. అన్నం మాడిన సంగతి నీటి కేంద్రానికి సంబంధించినది కాదంది. దానికి కావలసింది ఏ మాటో నాకు తెలుసు, అయిదో రోజు నేను రాయనన్న మాటే. నాలుక చివర దాకా వచ్చింది కూడా.

వెనక నుంచి తిరుపతమ్మ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె ఈ ఊళ్ళోకెల్లా గట్టి గొంతు మనిషి. అప్పుడు మాత్రం గొంతు లేపలేదు. “వద్దయ్యా. పిల్లకి నెలలు నిండినయి. ఈ నాలుగ్గోడల మధ్య ఆ మాట అనమాక. నీ కాళ్ళు పట్టుకుంటా.”

పంపులూ వాల్వులూ తెలిసినవాణ్ణి, ఒక మాటకు ఏమవుతుందే అని ఆమెను కసురుకోవాలి. కసరలేదు. ఆమె కోసం ఆగానని రాస్తే అబద్ధం. నాకే నోరు పెగల్లేదు.

రోజు 11

పొద్దున్నే తిరుపతమ్మ అమ్మాయి బట్టలు మడత పెట్టి సంచిలో సర్దడం మొదలుపెట్టింది. పెద్ద దిబ్బ దారికి రగ్గు కూడా పెట్టింది. అనలేని మాట కోసం ఆ దారికి ఒప్పుకుంటోంది. ఒప్పుకుంటూ ఏడుస్తోంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఏది భయమో ఏది బుద్ధో నాకు విడదీయడం చేతకాలేదు.

మంజీర సంచిలోంచి రగ్గు తీసి మంచం మీద పెట్టింది. వాళ్ళమ్మ మళ్ళీ పెట్టింది. ఇది మళ్ళీ తీసింది. తర్వాత నడుము మీద చెయ్యి వేసుకుని మెల్లగా వంటింట్లోకి నడిచింది. మేమిద్దరం వెనక వెళ్ళాం.

“అమ్మా,” అంది, “ఆ మాట అన్నందుకు పోలేదు వాడు. వాడు పోయినాక ఆ మాట అన్నారు.”

తిరుపతమ్మ చెవులు మూసుకోబోయి మూసుకోలేదు. అమ్మాయి గోడ పెట్టె వైపు తిరిగింది. బళ్ళో పిల్లలకు చెప్పినట్టు ఒక్కో మాటా విడమరిచి చెప్పింది.

“నా పేరు మంజీర. మా ఇంట్లో నీళ్ళు అయిపోయినయి. మా నాన్న నిండుకున్నాయని రాసినప్పుడల్లా అయిపోయినయనే.”

ఏడాదిగా ఆ మాట మా ఇంట్లో వినబడలేదు. పైకప్పు అక్కడే ఉంది. గోడ పెట్టె, అర్థమైంది, అంది. సంతోషం అనలేదు, బతికిపోయింది.

కొద్దిసేపు ఏమీ జరగలేదు. తర్వాత గోడ లోపల టక్కుమని చప్పుడైంది. కుళాయి రెండుసార్లు దగ్గి, గాలి కక్కి, ఒక్కసారిగా వదిలింది. సింకు చెంచాలతో సహా మోగింది. తిరుపతమ్మ దోసెడు ఉప్పు తెచ్చి అమ్మాయి తల చుట్టూ మూడుసార్లు తిప్పి ఆ ధారలోనే వేసింది. ఉప్పు దండగ అని నేను అనలేదు. నేను అనవలసిన మాటను కడుపుతో ఉన్న పిల్ల చేత అనిపించానని సిగ్గుగా ఉంది. ఆ సంగతి దానికి చెప్పాను కూడా. పోనీలే నాన్నా, నువ్వు జాలీ తోమావుగా, అంది.

రోజు 12

రాహేలు వచ్చింది. తన గడియారంతో మూడుసార్లు చూసింది. ఏడు, ఏడు, ఏడున్నర. కాగితం మీద సంతకం పెట్టి టీ తాగి వెళ్ళింది. ఈ చివరి ఏడున్నర ఎందుకు వచ్చిందా అని సాయంత్రం దాకా ఆలోచించాను.

రోజు 17

ఫిర్యాదు తీరింది కాబట్టి రాయనక్కర్లేదని మీరు చెప్పి అయిదు రోజులైంది. అయినా రాస్తున్నాను, ఎవరికైనా చెప్పాలి.

తెల్లవారి టిఫిన్ల వేళకు నొప్పులు మొదలయ్యాయి. రాహేలు వచ్చి తలుపు వేసింది. లోపల తిరుపతమ్మ ఉంది. నన్ను వంటింట్లో ఉండి నీళ్ళు కాచమన్నారు. కాచాను. ఇచ్చాను. మళ్ళీ కాచాను. ఎన్ని బిందెలో గుర్తు లేదు. ఉన్నట్టుండి మా అమ్మాయి కేక ఆగిపోయింది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు. నేను కుళాయి కింద బిందె పెట్టి, దాని వంకే చూస్తూ నిలబడ్డాను. ధార చప్పుడుకు వినబడడం లేదేమో, కట్టేస్తే వినబడుతుందేమో అనిపించింది. కట్టలేకపోయాను. కట్టాక కూడా ఏమీ వినబడకపోతే?

తలుపు తెరుచుకుంది. రాహేలు అడుగులు తెలుస్తున్నాయి. తిరిగి ఆమె ముఖం చూడలేదు. ఏ మాట అంటుందో, దాన్ని ఏ అర్థంలో తీసుకోవాలో అని సింకు అంచు గట్టిగా పట్టుకున్నాను.

“బాబాయి గారూ, ఇంకో బిందె గోరువెచ్చగా తెండి. ఇద్దరికీ పొయ్యాలి.”

ఇద్దరికీ.

వెంటనే కదలాల్సింది. కదల్లేదు. బిందె పొర్లి, సింకు పొర్లి, నీళ్ళు నా కాళ్ళ మీదికి తీరిగ్గా పడుతున్నాయి. మొదటి నీళ్ళు, తాగే నీళ్ళు, ఎంత పోయాయో నేను కొలవలేదు. జరిమానా వేసేదైతే వేసుకోండి.